తెల్ల నడికట్టు

పదకొండో భాగం

కొత్తగా వచ్చినవాళ్ళకి వెనకటి సంగతి నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను. పాతవాళ్ళు ఈలోపు టీ తెచ్చుకోండి.

నా పేరు బోగ్నా. విస్తులా నది ఒడ్డున మా ఊళ్ళో మా నాన్న జెనోబీకి మిఠాయి కొట్టుంది. కింద కొట్టు, పైన ఇల్లు. నేను జిల్లా ఆస్పత్రిలో నర్సుని. నాన్నకి పదేళ్ళుగా షుగరు. డిసెంబరులో ఆయన కుడికాలి బొటనవేలి మీద పుండు లేచింది, ఫిబ్రవరి వచ్చినా మానలేదు. ఆ వేలు ఉంచాలో తీసెయ్యాలో శుక్రవారం చూసి చెబుతానని డాక్టరు అన్నాడట. అదీ నాన్న నోటితో విన్నదే. ఆ శుక్రవారానికి ముందు రోజే కొవ్వు గురువారం. నలభై రోజుల ఉపవాసాలు మొదలవకముందు వచ్చే ఈ గురువారం నాడు ఒక్క పోంచ్కి అయినా తిననివాడికి ఏడాదంతా దరిద్రమేనని మా నమ్మకం. పోంచ్కి అంటే చిల్లు లేని మా డోనట్. లోపల జామ్, పైన పంచదార పాకం. మా కొట్టుకి ఇంకో ఆనవాయితీ కూడా ఉంది. ఆ పొద్దున మిఠాయి మాస్టరు, అంటే మా నాన్న, జనం ఎదుట మొదటి పోంచ్కి తింటేగాని అమ్మకం మొదలవదు. మాస్టరు మొదట ఏది తింటే జనానికీ అదే. మా నాన్న ఒకటితో ఆగే మనిషైతే నాకు బాధే లేదు. కిందటేడు పదకొండు తిని మూడు రోజులు మంచం దిగలేదు.

అందుకని నేను పందెం వేశాను. పంచదార చిటికెడైనా వెయ్యకుండా, కొవ్వులో వేయించకుండా, ఇంట్లో ఓవెన్లో కాల్చిన పోంచ్కి చేసి పెడతాను. మొదటిది అదే తినాలి, తర్వాత ఇంకోటి ముట్టకూడదు. నాన్న ఒకే ఒక్క షరతు పెట్టాడు, దానికి నడికట్టు ఉండాలని. బాగా పులిసిన పోంచ్కి కొవ్వులో సగం మునిగి సగం తేలుతుంది కాబట్టి వేగాక దాని నడుం చుట్టూ తెల్లటి పట్టీ మిగులుతుంది. మా ఊళ్ళో పోంచ్కిని కొనేవాడు ముందు దాని నడుం చూస్తాడు, తర్వాతే ధర అడుగుతాడు. ఓవెన్లో తేలేదేముంది, మునిగేదేముంది? తొమ్మిది విడతలు కాల్చాను, తొమ్మిదింటికీ నడికట్టు రాలేదు. కిందటి వారం మనం ఆగింది అక్కడే.

బుధవారం మధ్యాహ్నం పదో విడత పిండి కలిపాను.

పొట్టుతో ఆడించిన గోధుమపిండి, విరిగిన పాలను గుడ్డలో కట్టి పిండిన ముద్ద, ఉడికించి మెదిపిన యాపిల్ గుజ్జు, గుడ్లు, ఈస్టు. తీపి ఉంటే యాపిల్ తీపి, లేకపోతే లేదు. లోపల పెట్టడానికి మా లియోకాదియా అత్త చేసిన రేగు లేహ్యం ఉండనే ఉంది. ప్రతి సెప్టెంబరులో పెరట్లో రాగి కాగు ఎక్కించి, నల్లరేగు, అదే ప్లమ్ పళ్ళని మూడు రోజులపాటు కలియబెడుతూనే ఉంటుంది. పంచదార వెయ్యదు. గరిటె నిలబెడితే పడిపోకూడదు, అదీ ఆవిడ లెక్క. నాన్నకి అక్క. డెబ్బై రెండేళ్ళు. నోటికి అడ్డూ ఆపూ లేదు.

నేను అలవాటు కొద్దీ పిండిలో చెంచాడు సారా పోశాను.

"ఏమే పిల్లా, సారా పోసేది పిండి కొవ్వు పీల్చకుండా. నువ్వు కొవ్వే పెట్టనప్పుడు సారా ఎందుకు?" అంది అత్త కుర్చీలోంచే.

"చెయ్యి దానంతటది పోసేసింది అత్తా."

"సరే, పోసింది పోయింది. మిగిలిన సీసా ఇలా ఇయ్యి, నా చెయ్యి కూడా దానంతటదే పోసుకుంటుంది."

అప్పుడు నాకు ఉపాయం తట్టింది. ఉపాయాలు నాకు ఎప్పుడూ తడుతూనే ఉంటాయి, వాటిని చూసే ధైర్యం మా ఇంట్లోవాళ్ళకే లేదు. బటర్ పేపరుని వేలెడు వెడల్పు పట్టీలుగా కత్తిరించి, పొంగిన ఒక్కో ముద్ద నడుం చుట్టూ చుట్టాను. పైనా కిందా గుడ్డుసొన రాశాను. పావుగంట తర్వాత బయటికి తీసి కాగితాలు విప్పితే, పైన గోధుమరంగు, కింద గోధుమరంగు, మధ్యలో తెల్లటి పట్టీ! నేను వంటింట్లో గిరగిరా రెండుసార్లు తిరిగానంటే నమ్మండి.

"ఓరి నీ తెలివి తగలెయ్య," అని అత్త చప్పట్లు కొట్టింది. "మా అమ్మ కొర్దులా చూసుంటే నీకు కొట్టు రాసిచ్చేసేది."

మెట్ల మీద నాన్న అడుగుల చప్పుడు వినిపించింది. ఎడమకాలు గట్టిగా, కుడికాలు మెల్లిగా. పుండుకి తగలకుండా కుడి బూటు ముందుభాగం కత్తిరించి వేసుకుంటున్నాడు. గుమ్మంలో నిలబడి బల్ల వంక చూశాడు. వచ్చి ఒకటి తీసి అరచేతిలో తూచాడు, వాసన చూశాడు, వెలుతురుకి పెట్టి చుట్టూ తిప్పాడు. నేను మాత్రం మొహం మీద గెలిచినదాని నవ్వే పెట్టుకున్నాను.

"ఇది లేచిందా, కట్టావా?"

"నడికట్టు ఉండాలన్నావు. ఉంది. ఎలా వచ్చిందని షరతులో లేదు నాన్నా."

"అమ్మాయ్, నలభై ఆరేళ్ళుగా చూస్తున్నా. నిజంగా వచ్చిన గీత ఎక్కడో ఓ చోట వంకర పోతుంది. స్కేలు పెట్టి గీసినట్టుంటే అది నర్సు గీసిన గీత." పోంచ్కిని తీసిన చోటే పెట్టేశాడు. "ఆ పట్టీ జనానికి మనమిచ్చే మాట. పిండి పులిసింది, నమ్మి తినండి అని. ఆ మాట నువ్వు కాగితంతో చుట్టావు. నేను జనం ముందు అబద్ధం తినను."

నాకు ఒళ్ళు మండింది. మండినా, ఆయన అన్నది తప్పని అనలేకపోయాను, అందుకు ఇంకా మండింది.

"అయితే రేపు ఏం తింటావు?"

"నా చేత్తో చేసింది తింటా. పాకంతో సహా."

"ఒకటితో ఆగుతావా?"

నాన్న బల్ల మీద పడ్డ పిండిని చేత్తో దులిపాడు.

"పోనీ, పట్టీ లేకుండానే తిను. ఇది కాల్చింది, దీనికి నడికట్టు రాదు, పంచదార వెయ్యలేదు, నా కూతురు చేసింది అని జనానికి చెప్పే తిను. అప్పుడు అబద్ధమెక్కడుంది?"

"పంచదార లేని పోంచ్కి నా కొట్లో ఉండదు!" నాన్న అంత గట్టిగా అరవడం నేనెప్పుడూ వినలేదు. బల్ల మీద గిన్నె కదిలింది. "ఆ రోజులు నేను చూశాను. మళ్ళీ నా గడపలో చూడను." అని గిరుక్కున తిరిగి మెట్లు దిగిపోయాడు. కుడికాలు కూడా గట్టిగానే పడింది, పాపం నొప్పి పుట్టే ఉంటుంది.

నేను అత్త వంక చూశాను. అత్త సీసా మూత బిగించి పక్కన పెట్టింది. ఆవిడ సీసా మూత బిగించిందంటే సంగతి పెద్దదేనన్నమాట.

"డెబ్బై ఏడో సంవత్సరమే," అంది. "పంచదార కార్డుల మీద ఇచ్చిన మొదటి శీతాకాలం. కొట్టుకి వచ్చేది ఏ మూలకీ చాలేది కాదు. కొవ్వు గురువారం వచ్చేసింది. మా అమ్మ ఏం చేసిందో తెలుసా? పంచదార లేకుండానే చేసేసింది. పిండిలో యాపిల్, లోపల ఈ రేగు లేహ్యమే. పైన పాకం లేదు, ఏమీ లేదు. మీ నాన్నకి ఇరవై రెండేళ్ళు, అప్పుడే గల్లా దగ్గర నిలబడడం నేర్చుకుంటున్నాడు. పొద్దున అంతా బాగానే అమ్మాడు. మధ్యాహ్నం వాడు బయటికెళ్ళి చూస్తే, తలుపు చెక్క మీద సుద్దముక్కతో ఈ పొడుగు అక్షరాలు. 'ఇచ్చట చప్ప పోంచ్కీలు అమ్మబడును.' వరసలో ఉన్నవాళ్ళు చదివి నవ్వుకుంటూ వెళ్ళిపోతున్నారట."

"నానమ్మ చూసిందా?"

"చూడకుండా వాడు చొక్కా చేత్తో తుడిచేశాడు. నాకు మాత్రం చెప్పాడు. రాత్రి ఏడిచాడు కూడా, నేనన్నానని అనకు. ఎవరు రాశారో ఇప్పటికీ తెలీదు. మరుసటేడు ఎక్కడెక్కడి కార్డులో తెచ్చి పోగేసి, పోంచ్కి మీద పాకం దట్టంగా పోశాడు. అప్పట్నుంచి మీ నాన్న పాకమంత మందం ఈ జిల్లాలోనే లేదు."

చిన్నప్పుడు ఆ పాకాన్ని గోటితో ఊడదీసుకుని తింటూ, మా నాన్న ఎంత ధారాళమైనవాడో అనుకునేదాన్ని. ధారాళం కాదు, రోషం. నాన్న మీద జాలేసింది. కానీ జాలిపడి ఊరుకుంటే వేలు మిగలదు. నర్సుని కాబట్టి నాకు ఆ తేడా తెలుసు.

కాగితం చుట్టినవి పన్నెండూ పక్కింటి పిల్లలకి పంచేశాను. మళ్ళీ పిండి కలిపాను. ఈసారి కాగితం లేదు, పట్టీ లేదు, సారా కూడా లేదు. పన్నెండు కాల్చి, లేహ్యం కూరి, గుడ్డ కప్పి బల్ల మీద పెట్టి పడుకున్నాను. నిద్ర కూడా బాగానే పట్టింది. మంచి పోంచ్కి చేసినదానికి నిద్ర పట్టకపోవడమేమిటి?

పొద్దున అయిదున్నరకి లేచి గుడ్డ తీస్తే పదకొండే ఉన్నాయి.

"అత్తా!"

"నా వంక చూడకు. నా పళ్ళు ఇంకా గ్లాసులోనే ఉన్నాయి."

ఎలకలేమో అనుకున్నాను. పదకొండింటినీ పళ్ళెంలో సర్దుకుని కిందికి దిగాను.

కొట్టంతా వేడివేడి పాకం వాసన. నాన్న రెండింటికే లేచి, ఇద్దరు పనివాళ్ళతో నాలుగు వందల పోంచ్కీలు దించాడు. అన్నీ బొద్దుగా, తెల్లటి నడికట్లతో, గులాబీ జామ్ నిండుగా. అద్దాల తలుపు బయట వరస పోస్టాఫీసు దాకా ఉంది. మంచు పడుతున్నా ఎవ్వరూ కదల్లేదు. వరసలో అందరికన్నా ముందు, ఎప్పటిలాగే, గెనోవెఫా టీచరుగారు. డెబ్బై ఏళ్ళు దాటిన మనిషి. సగం ఊరికి ఆవిడే ఎక్కాలు నేర్పింది. నాకు తెలిసినప్పట్నుంచీ కొవ్వు గురువారం నాడు ఆవిడకన్నా ముందు మా గడప తొక్కినవాడు లేడు.

ఆరయింది. నాన్న తలుపు తీశాడు. జనం లోపలికి వచ్చి సద్దుమణిగారు. నాన్న పాకం పోసినది ఒకటి తీసుకున్నాడు. నా వంక చూడకుండా నోటి దాకా తెచ్చాడు.

అప్పుడు చూశాను, ఉతికిన తెల్ల ఏప్రాను మీద, జేబు పక్కన, బొటనవేలంత మరక. గులాబీ జామ్ ఎర్రగా ఉంటుంది. ఇది నల్లగా ఉంది.

"ఆగు నాన్నా!" అన్నాను, పోస్టాఫీసు దాకా వినపడేలా. "ఆ మరకేంటి?"

నాన్న కిందికి చూసుకుని, చప్పున చేత్తో కప్పుకున్నాడు. "జామ్."

"ఏ జామ్? నీ జామ్ ఇంత నల్లగా ఎప్పట్నుంచి ఉంది? పైన పళ్ళెంలో పన్నెండు పెట్టి పడుకున్నా. ఇప్పుడు పదకొండున్నాయి."

"ఎలకలు తినుంటాయి."

"ఏప్రాను కట్టుకునే ఎలకా?"

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. నాన్న చెవులు ఎర్రబడ్డాయి. అరవై ఎనిమిదేళ్ళ మనిషి, దొంగతనంగా వెన్న తిన్న పిల్లాడిలా నిలబడ్డాడు. నాకు నవ్వొచ్చింది, అదే క్షణంలో కళ్ళు కూడా చెమ్మగిల్లాయి.

"సరే తిన్నా," అన్నాడు చివరికి. "నాలుగింటికి పైకి మందుకోసం వెళ్ళా. గుడ్డ కింద ఏముందో చూశా. చూస్తే తప్పా?"

"తప్పెవరన్నారు? నువ్వు ఇవాళ మొదట తిన్నది నాది. అంతే నేననేది."

గెనోవెఫా టీచరుగారు చేతికర్రతో నేల మీద టక్కుమని కొట్టింది. తరగతి గది అలవాటు. అందరూ నోళ్ళు మూసుకున్నారు. "జెనోబీ, ఈ కొట్టు ఆనవాయితీ ఏమిటి?"

"మాస్టరు మొదట తిన్నదే జనానికి," అన్నాడు నాన్న, పాఠం అప్పజెప్పినట్టు.

"మరైతే నాకు అదే పెట్టు. ఆ చేతిలోది కింద పెట్టెయ్యి, మొదటిది ఎప్పుడో అయిపోయింది."

నేను పళ్ళెం చాచాను. ఆవిడ ఒకటి తీసుకుంది. నడుం చూసింది, పట్టీ లేదు. అయినా కొరికింది. నమిలింది. రెండోసారి కొరికింది. తర్వాత కళ్ళు మూసుకుని అలాగే నిలబడిపోయింది. నర్సుని కదా, నాకు భయమేసి చెయ్యి పట్టుకోబోయాను.

"కొర్దులమ్మ పోంచ్కి," అంది కళ్ళు తెరవకుండానే. "నలభై ఆరేళ్ళయింది. ప్రతి ఏడూ అందరికన్నా ముందొచ్చి నిలబడేదాన్ని, ఈసారైనా ఉంటుందేమోనని. ప్రతి ఏడూ నువ్వు పాకం పోసే పెట్టేవాడివి. నాది తప్పు కదా, నోరు తెరిచి అడగలేకపోయాను."

"మీ తప్పేంటి టీచరుగారూ?" అన్నాడు నాన్న.

"ఆ సుద్దముక్క రాత నాదే జెనోబీ."

వెనకున్నవాళ్ళంతా మెడలు చాచారు.

"ఆ రోజు పొద్దున ఒకటి తిన్నా. వెనక్కొచ్చి ఇంకోటి తిన్నా. మూడోసారి వచ్చేసరికి వరస చెరువుగట్టు దాకా ఉంది, గాజుపెట్టెలో చూస్తే పాతిక కూడా లేవు. కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లని, జేబులో ఎప్పుడూ సుద్దముక్కే. జనం వెళ్ళిపోతే నాకు మిగులుతాయని బుద్ధి పుట్టింది. నా రాత పోల్చకుండా ఎడంచేత్తో రాశా." ఆవిడ చేతికర్ర వంక చూసుకుంది. "తర్వాత నువ్వు వచ్చి చొక్కాతో తుడవడం చూశా. నీ మొహం చూశా. అప్పుడే చెప్పాల్సింది. ఇంత బతుకూ బతికి, పిల్లలకి మాత్రం నిజం చెప్పమని నేర్పా."

నాన్న ఏమంటాడో అని నేను పళ్ళెం పట్టుకునే చూశాను. ఆయన ఆవిడనే చూస్తూ నిలబడ్డాడు. ఆ తర్వాత పొట్ట ఊగిపోయేలా నవ్వు మొదలుపెట్టాడు. నవ్వుతూనే చేతిలోని పాకం పోంచ్కిని ట్రేలో పెట్టేశాడు. ధరల పలక దగ్గరున్న సుద్దముక్క తీసి ఆవిడ చేతిలో పెట్టాడు.

"వెళ్ళి రాయండి. అవే అక్షరాలు. ఈసారి కుడిచేత్తో."

ఆవిడ బయటికి వెళ్ళింది. వరసంతా తలలు తిప్పి చూసింది. తలుపు చెక్క మీద ముత్యాల్లాంటి అక్షరాలు దిగాయి. 'ఇచ్చట చప్ప పోంచ్కీలు అమ్మబడును.' ఒక్క క్షణం ఆలోచించి కింద ఇంకో ముక్క చేర్చింది. 'రేపు కూడా.'

మిగిలిన పదింటినీ నేను నాలుగేసి ముక్కలు కోశాను. కొట్లో ఉన్నవాళ్ళందరికీ తలా ముక్క అందింది. కొందరు ఇంకోటుందా అన్నారు, ఒకాయన మాత్రం ఇది పోంచ్కి కాదు రొట్టె అన్నాడు. ఆయన మాటా కొట్టిపారెయ్యను. పాకంవి కూడా జోరుగానే అమ్ముడయ్యాయి. గంటయింది, రెండు గంటలయింది, నాన్న చెయ్యి ట్రే వైపు వెళ్ళలేదు. నేను ఓ కన్ను అటే వేసి ఉంచాను.

ఎనిమిదింటికి కాస్త సందు దొరికింది. నాన్న ఏప్రాను ముడి విప్పాడు. కొవ్వు గురువారం నాడు చీకటి పడకముందు ఆయన ఏప్రాను విప్పడం నా జన్మలో చూడలేదు. నా దగ్గరికి వచ్చి దాన్ని నా మెడలో వేశాడు, నల్ల మరకతో సహా.

"రేపు కూడా అని రాసింది కదా టీచరమ్మ," అన్నాడు. "రేపు నేనుండను. పిండి నువ్వే కలపాలి."

"పొద్దున డాక్టరు చూసి చెప్పడమేగా, మధ్యాహ్నానికి వచ్చేస్తావు."

"చూడ్డం అయిపోయింది తల్లీ. సోమవారమే చెప్పేశాడు. రేపు వేలు తీసేస్తారు." గొంతు మామూలుగానే ఉంది, వాతావరణం సంగతి చెబుతున్నట్టు. "మీకు పండగ చెడగొట్టడమెందుకని ఊరుకున్నా. పోయేది ఎలాగూ పోతుంది, చివరిసారి నా చేతి పోంచ్కీలు తనివితీరా తినేద్దామనే అనుకున్నా. నిన్న నీ మీద అరిచింది అందుక్కూడా."

నేను ఏప్రాను ముడి బిగించుకున్నాను. ఆస్పత్రిలో రోజూ ఎంతోమందికి ఇలాంటి కబుర్లు చెప్పేదాన్ని, మా ఇంటి కబురు మూడు రోజులుగా నా కళ్ళముందు కుంటుతూ తిరుగుతుంటే కనిపెట్టలేకపోయాను.

"మరి పొద్దున నాది ఎందుకు తిన్నావు?" అన్నాను.

నాన్న కత్తిరించిన బూటు వంక చూసుకున్నాడు.

"ఏముందిలే, ఎగతాళి చేద్దామనే కొరికా. కొరికితే మా అమ్మ గుర్తొచ్చింది. అమ్మ వెనకే, మిగతా తొమ్మిది వేళ్ళూ గుర్తొచ్చాయే."